ఉక్కునకు సాక్ష్యము

వినుకొండ ఉక్కునకు పేరుపడిన ఊరు కాదు. దాని ప్రసిద్ధి వేరు: కొండమీది రామలింగేశ్వరుడు, 1515లో కృష్ణదేవరాయల దండయాత్రకు లోబడిన దుర్గము, జాషువ కవి జన్మస్థానము. లోహముల ప్రసక్తి వచ్చినప్పుడు సైతము పెద్దలు సమీపమునందలి అగ్నిగుండాల రాగి, సీసపు గనులను తలచుకొందురే గాని ఇనుమును తలపరు. అయినను, ఉక్కును కొనువాడు దానిని ఎవరి మాటపై నమ్మెను, ఆ నమ్మకము కాలక్రమమున ఏయే రూపములు దాల్చెను అను విషయమును విచారింపబూనినవానికి ఇట్టి ఊరే తగినది. ఏలయన ఉక్కును కాచువాడు తన సరుకు గుణమును తానెరుగును, అతనికి ఒకరి సాక్ష్యముతో పనిలేదు. ఎక్కడనో పుట్టి ఏ దారినో వచ్చిన ఇనుమును కొని, దానిపై మేడనో వంతెననో నిలుపవలసినవానికే సాక్ష్యము కావలయును.

నేడా సాక్ష్యము కాగితరూపమున వచ్చుచున్నది. టెస్టు సర్టిఫికెట్టను ఆ కాగితమును వ్యాపారులు 'టీసీ' అందురు. చువ్వల కట్టతోపాటు అది రావలెను. అడిగినచో వచ్చుననుట సత్యమునకు సమీపము. ఆ కాగితముపై మిల్లు పేరు, చువ్వ వ్యాసము, ఉక్కులోని కర్బనము, మాంగనీసు, గంధకము, భాస్వరముల పాళ్ళు, లాగి చూచినప్పుడు అది తాళిన బలము, తెగుటకు ముందు సాగిన శాతము, వంచినప్పుడు పగిలెనో లేదో వ్రాసియుండును. అన్నిటికంటె ముఖ్యముగా హీటు నంబరుండును. ఒక్కమారు కొలిమిలో కరగి ఒక్కటిగా పోయబడిన ఉక్కు మొత్తమునకు 'హీటు' అని పేరు. తక్కిన అంకెలన్నియు ఆ ఒక్క కరగుదలకు సంబంధించినవి. కాబట్టి చువ్వపైనో కట్టకు వ్రేలాడు రేకుచీటీపైనో గల నంబరును కాగితముపై నంబరును ఒక్కటైనప్పుడే ఆ కాగితము ఆ ఇనుమునకు సాక్షి. కానిచో అది మరియొక ఇనుమునకు జాతకము.

పూర్వము ఈ పల్నాటి రైతునకు ఇనుముతో గల సంబంధమంతయు ఊరి కమ్మరి కొలిమి గుండనే నడచెను. నాగటి కర్రు, గొడ్డలి, కొడవలి, బండి ఇరుసు, చక్రపు కట్టు, ఇంతమాత్రమే అతని యినుప ప్రపంచము. కమ్మరికి రొక్కముగా కూలి ముట్టుట తక్కువ. పంట చేతికి వచ్చినప్పుడు కళ్ళములో ప్రతి రైతును అతనికి ఇంత ధాన్యమని మేర కొలుచుట ఆచారము. దీనిని వేతనపద్ధతిగా వర్ణించుట పరిపాటి. నా దృష్టిలో అందు వేతనమెంత కలదో పూచీయు నంతయే కలదు. తొలకరిలో సాగగొట్టించుకొనిన కర్రు నల్లరేగడిలో నాలుగు చాళ్ళకే మొన వంగినచో, ఆ కర్రును పట్టిన రైతే పంటకాలమున కళ్ళములో కమ్మరి యెదుట నిలుచును. ఆ కమ్మరి మరుసటి యేడును, అతని కొడుకు ఆ తరువాతి యేడును ఆ రైతుచేతనే మేర కొలిపించుకొనవలెను. ఇట్టి కట్టుబాటులో సరుకునకు వేరుగా చీటీ యేల?

కమ్మరికి పరీక్ష తెలియదనుకొనుట మాత్రము పొరపాటు. ఇనుమును విరిచి విరిగిన చోటి పలుకును చూచి, పలుకు ముతకయైనచో పెళుసనియు, సన్నమై బూడిదవన్నె గలదియైనచో మేలిదనియు అతడు నిర్ణయించుచుండెను. ఎర్రగా కాలియున్నప్పుడు సుత్తిదెబ్బకు బీటలువారు ఇనుము ఒకటి, కాకలో లొంగి చల్లారిన పిదప దెబ్బకు పెట్లు ఇనుము మరియొకటియని అతడెరుగును. మొదటిది గంధకదోషమనియు రెండవది భాస్వరదోషమనియు రసాయనశాస్త్రము తరువాతికాలమున నిరూపించినది. అనగా నేటి టీసీలోని రెండు గడులను కమ్మరి చేతిలోని సుత్తి అప్పుడే చదువుచుండెనన్నమాట. చదువుచుండెనే గాని వ్రాయుచుండలేదు.

తెలుగుదేశమున ఉక్కు ఊరి పొలిమేర దాటి సముద్రాంతరములకు పోయిన కథ వేరొకటి కలదు. అది పల్నాటిది కాదు, గోదావరికి దక్షిణమునగల కోనసముద్రమునది. నేడా గ్రామము నిజామాబాదు జిల్లాలోనిది. అచ్చటి కొలుముల వారు రెండు తావుల ఇనుములను పాలు చూచి కలిపి, మట్టిమూసలలో మూతవేసి, అహోరాత్రము కాచి తీసిన ఉక్కుగడ్డలు పారశీకమునకు పోయి, అచ్చట నీటిచారలవంటి వన్నెతో మెరయు కత్తులుగా మారుచుండెడివి. లాంబ్టను నడిపిన మహాత్రికోణమితి సర్వేకు వైద్యుడుగను భూతత్త్వజ్ఞుడుగను ఉండిన హెన్రీ వాయిసీ యను ఆంగ్లేయుడు 1820లో కోనసముద్రమును చూచి, ఆ విధానమును వ్రాసియుంచెను. 1824లో అతడు మరణించిన తరువాత, ఆ వ్రాత 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలుగుచూచినది.

ఆ వ్రాతలో ఉక్కు తయారీకంటె నన్నెక్కువగా ఆకర్షించినవాడు ఒక వర్తకుడు. అతని పేరు హాజీ హుసేన్, ఊరు ఇస్ఫహాన్. వాయిసీ మొదటిమారు పోయినప్పుడు అతడచ్చటనే యుండెను. మరల పోయినప్పుడును అచ్చటనే కనబడెను. నడుమ స్వదేశమునకు పోయి, తెచ్చుకొనిన ఉక్కునంతయు అమ్ముకొని, మరికొంత కొనుటకై తిరిగివచ్చియుండెను. అతడు ఊరక కూర్చుండి సరుకు చేతికందువరకు వేచియుండు వాడు కాడు. మూసలోనికి పోవు రెండు ఇనుముల పాళ్ళను తూచునప్పుడు తానే త్రాసుకడ నిలిచి పర్యవేక్షించుచుండెను. పారశీకదేశమున ఇట్టి ఉక్కును చేయజూచియు వారు చేయజాలకపోయిరట. కావున మూలమునకే వచ్చుట తప్ప వేరు గతి లేదు. సముద్రము దాటి, దక్కను పీఠభూమిని దాటి వచ్చి, ఒక మారుమూల పల్లెలో కొలిమి సెగకు ఎదురుగా నిలిచి తక్కెడ ముల్లును చూచుచున్న ఆ హాజీ, నాకు తెలిసినంతవరకు తెలుగుగడ్డపై ఉక్కు తనిఖీదారులలో పేరు మిగిలిన మొదటివాడు. తరువాతి కాలమున కొనుగోలుదారు తరఫున ఇన్స్పెక్టరు కర్మాగారమున ఏది చేయుచు వచ్చెనో అదియే అతడు చేసెను. భేదమెచ్చటననగా, తాను చూచినదానిని మరియొకనికి నమ్మించుటకై కాగితముపై పెట్టవలసిన అగత్యము అతనికి లేదు. చూచినవాడును కొనినవాడును ఒక్కడే.

అంతకు పూర్వము పదునేడవ శతాబ్దమున మచిలీపట్నపు రేవునుండి ఒలాందావారును ఇంగ్లీషువారును ఇనుమును ఉక్కును ఓడల కెత్తిరిగాని, వారి వ్యవహారము ఎక్కువగా దళారుల ద్వారమున నడచెను. ఆ లెక్కలలో తూకము కనబడినంతగా గుణము కనబడదు.

వినుకొండకు పైదేశపు ఉక్కు రాశిగా వచ్చుట రైలుతోనే మొదలు. 1876–78 నాటి ధాత కరువు దక్షిణాపథమును నిర్మానుష్యము చేసిన పిమ్మట, గింజలను వేగముగా తరలింపగల మార్గములు లేకపోవుటయే అంతటి ప్రాణనష్టమునకు ఒక కారణమని తేలగా, కరవుసీమల గుండ పోవు రైలుమార్గములకు ప్రభుత్వము పూనుకొనెను. బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే యను మీటరుగేజి మార్గము అట్టిది. గుంతకల్లునుండి నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకొని, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా కృష్ణాతీరమునకు చేరిన ఆ దారి 1890 ప్రాంతమునకు పూర్తియై, సదరన్ మరాటా రైల్వే కంపెనీ నిర్వహణలో నడచెను. ఆ నాడు దేశమున పట్టాలు చేయు కర్మాగారము లేదు. పట్టాలు, దూలములు, బందులు, బోల్టులు సమస్తమును ఇంగ్లండునుండి ఓడలలో దిగవలసినదే. కొనువాడు లండనులోని కార్యాలయమున, చేయువాడు ఉత్తరపు బొగ్గుసీమలలో, వాడుకొనువాడు నల్లమల యడవిలో: ఈ ముగ్గురి నడుమ హాజీవలె త్రాసుకడ నిలువగలవాడెవ్వడు?

ఆ ప్రశ్న ఎంత ప్రాణాంతకమైనదో అప్పటికే ఒక ఘోరము చాటియుండెను. స్కాట్లండులో టే నదిపై 1878లో తెరవబడిన పెద్ద వంతెన, 1879 డిసెంబరు 28 రాత్రి తుపానులో రైలుతోసహా నదిలో కూలినది. డెబ్బదిమందికి పైగా మరణించిరి. మరుసటి యేడు జరిగిన విచారణలో బయటపడిన సంగతులలో గాలివేగపు లెక్కలకంటె నన్ను కలవరపరచునది వేరొకటి. ఆ వంతెనకై పోసిన పోతయినుప స్తంభములలో ఏర్పడిన లోపలి గుల్లలను తేనెమైనము, గుగ్గిలము, ఇనుపరజను, దీపపు మసి కలిపిన ముద్దతో పూడ్చి, చూపులకు గట్టి ఇనుమువలె కనబడునట్లు చేయుచుండిరట. పోతపనివారిలో ఆ ముద్దకు 'బోమాంట్ గ్రుడ్డు' అని ఒక ముద్దుపేరు కూడ కలదు. పేరుపెట్టుకొనునంతగా అది వాడుకలో నున్నదన్నమాట. కట్టిన పిదప వంతెనను కనిపెట్టుకొని యుండిన ఇన్స్పెక్టరు రాతికట్టడములలో ఆరితేరినవాడే గాని ఇనుమును గూర్చి ఎరుగనివాడని కూడ విచారణలో తేలినది.

ఆ విచారణకు వంతెన ముక్కలను లాగి తెంపి పరీక్షించినవాడు డేవిడ్ కిర్కాల్డీ. లండనులోని సదర్కు వీధిలో 1874లో అతడు నెలకొల్పిన పరీక్షాగృహపు ద్వారముపై 'అభిప్రాయములు కావు, వాస్తవములు' అను అర్థమిచ్చు మాటలు చెక్కబడియున్నవి. లోహపు తునకను యంత్రమున బిగించి, తెగువరకు లాగి, ఎంత బలమునకు తెగెనో అంకెలలో వ్రాసి, డబ్బు తీసికొని యెవరికైనను ఇచ్చుట అతని వృత్తి. ఈ మనుష్యుని కొట్టునుండియే మన టీసీ పుట్టినదనుట అతిశయోక్తి కావచ్చునుగాని, ఉక్కు గుణము వర్తకుని నోటిమాటనుండి విడివడి, కొనుటకు అమ్ముటకు వీలగు ప్రత్యేకవస్తువైనది అట్టి యిండ్లలోనే.

టే విచారణ ముగిసిన కొన్నియేండ్లకే మన నల్లమలలో దిగువమెట్ట సమీపమున, లోతైన లోయపై, ఎత్తైన లోహస్తంభములతో దొరబావి వంతెన లేచినది. నూరేండ్లకు పైగా మీటరుగేజి బండ్లు దానిపై నడచెను. 1990 దశకమున బ్రాడుగేజి రాగా మార్గము మారి ఆ వంతెన పనినుండి విరమించినది. వినుకొండ ప్రయాణికుడు నంద్యాలకు పోవునప్పుడు ఊపిరి బిగబట్టి చూచిన ఆ స్తంభములు తమ ఆయువు తీరి కూలినవి కావు, దారి మారి విడువబడినవి. ఇది ఆ నాటి ఉక్కు పరీక్షకు దక్కిన మంచి యోగ్యతాపత్రమని నేననుకొందును.

రైలుపట్టా విషయమున మరియొక విశేషము కలదు. దానికి సాక్ష్యము దాని మేనిమీదనే యున్నది. పట్టా రోలర్లలో సాగునప్పుడే, దాని నడుమభాగమున చేసిన కంపెనీ పేరు, బరువు తరగతి, చేసిన సంవత్సరము ఉబ్బెత్తు అక్షరములతో అచ్చుపడును. వేడిమీదనే హీటు నంబరు పొడువబడును. కాగితము చిరుగును, ఓడలో తడియును. పట్టామీది అక్షరము పట్టా యున్నన్నాళ్ళును ఉండును. రైలుమార్గములు పోయిన పట్టణములలో పాతపట్టాలను వేలములో కొని ఇండ్లకు, కొట్లకు దూలములుగా వేసికొనుట వాడుక. సున్నము రాలిన చోట అట్టి దూలముపై ఇంగ్లీషు కర్మాగారపు పేరును దొరతనపునాటి సంవత్సరమును నేటికిని చదువవచ్చును.

స్వదేశపు పట్టా వచ్చునప్పుడును తొలి అవరోధము నమ్మకమే. సాక్చీలో టాటావారు ఉక్కు కర్మాగారమును తలపెట్టినప్పుడు, వారు బ్రిటిషు ప్రమాణములకు తగిన పట్టాలు చేసినచో ఒక్కొక్క పౌను చొప్పున తాను తినెదనని రైల్వే చీఫ్ కమీషనరు సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ అనెనని ఒక కథ ప్రచారములో నున్నది. పౌను పట్టా ఎవరును తినలేదుగాని, ప్రభుత్వము మాత్రము పదియేండ్లపాటు ఏడాదికి 20,000 టన్నుల పట్టాలను కొనుటకు ఒడంబడి, అవి ప్రమాణమునకు సరిపోవునో లేదో చూచుటకు తన మెటలర్జికల్ ఇన్స్పెక్టరును కర్మాగారమునందే నిలిపెను. తొలి ఉక్కుదిమ్మ 1912 ఫిబ్రవరిలో వెలువడినది; కలకత్తాలోని అలీపూరు ప్రభుత్వ పరీక్షాగృహము పుట్టినదియు ఆ యేడే. కర్మాగారపు తొలి ఉక్కును పరీక్షాగృహమును ఒక్క యేట జన్మించుట కాకతాళీయము కాదు.

తరువాతి ముప్పది నలుబది యేండ్లను త్వరగా దాటవచ్చును. యుద్ధకాలమునుండి ఉక్కు కంట్రోలు సరుకైనది. అప్పుడు ఉక్కు దొరకుటయే గగనమగుటచే గుణపత్రముకంటె పర్మిటు విలువైనదయ్యెను. 1947లో భారతీయ ప్రమాణముల సంస్థ వెలసినది. దాని మొదటి ప్రమాణము జాతీయపతాకమునకు సంబంధించినది కాగా, కట్టడపు ఉక్కునకు 226 సంఖ్యగల ప్రమాణము 1950లో వచ్చినది. అదే 1950లో అమలులోనికి వచ్చిన బాయిలరు నిబంధనల ప్రకారము, బాయిలరు రేకు చేసిన కర్మాగారము నాలుగవ ఫారమున పరీక్షాఫలితములను వ్రాసి యిచ్చినగాని ఆ రేకు పనికిరాదు. గుంటూరు సీమలోని బియ్యపుమిల్లుల బాయిలర్లకు వర్తించునదియు ఈ నిబంధనయే. 1955లో పునాదిపడి 1967లో నీరు వదలిన నాగార్జునసాగరము ప్రధానముగా రాతికట్టడమే. అయినను దాని శిరముపైని 26 గేట్లును, కుడికాలువపై తూములకు అమర్చిన తలుపులును ఉక్కువే. వినుకొండ సీమ మెట్టపొలములకు ఆ కాలువ నీరు చేరువరకు నడుమ ఎన్ని ఉక్కుతలుపులు లేచి దిగవలెనో రైతునకు తెలియును.

1966లో విశాఖ ఉక్కునకై ఆంధ్రదేశమంతయు ఉద్యమించినది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైనది. అదే యేడు జనవరిలో ఉక్కు ధరలపై పంపిణీపై ప్రభుత్వపు కంట్రోలు తొలగినది. నాటినుండి వినుకొండ యినుపకొట్టులో విశాఖ చువ్వ ప్రక్కన, పాతయినుమును విద్యుత్ కొలిమిలో కరగించి చువ్వలు తీయు చిన్న మిల్లుల సరుకును చేరినది. ఖనిజమునుండి తీసిన ఉక్కు హీటునకు హీటునకు అంతగా మారదు. పాతయినుమునుండి తీసినది ఆనాడు కొలిమిలో పడిన తుక్కునుబట్టి మారును. కావున టీసీని నిదానముగా చదువవలసిన అవసరము మనకు హెచ్చినది.

చదువుటలో మెలకువలు కొన్ని కలవు. నేడు ఇండ్లకు విరివిగా వాడు 'ఎఫ్ఈ 500డి' తరగతి చువ్వను తీసికొందము. 1786 సంఖ్యగల ప్రమాణము ప్రకారము దానిలో గంధకము 0.040 శాతమును, భాస్వరము 0.040 శాతమును మించరాదు. రెండును కలిసి 0.075 మించరాదు. టీసీపై గంధకము 0.038, భాస్వరము 0.039 అని యున్నదనుకొనుడు. ఒక్కొక్కటిగా రెండును ఉత్తీర్ణములే; కూడినచో 0.077, అనగా సరుకు తప్పినది. అట్లే సాగుడు మొదలగు బలము 500 మెగాపాస్కలులకును, తెగు బలము 565కును తక్కువ కారాదు. కాని తెగు బలము సాగుడు బలమునకు 1.10 రెట్లైనను ఉండవలెను. కాగితముపై 545, 590 అని యున్నచో రెండును హద్దును దాటినవే, అంకెలు ముచ్చటగానే యున్నవి; భాగించి చూచినచో 1.08 మాత్రమే. ఈ నిష్పత్తి చాదస్తము కాదు. భూమి కంపించినప్పుడు చువ్వ తటాలున తెగక కొంత సాగి ఇంటిలోనివారికి బయటపడు వ్యవధి నీయవలెనని దాని తాత్పర్యము. 1967లో ఒంగోలు ప్రాంతమున భూమి కంపించిన సంగతి మరచినవారికి ఇది అనవసరమనిపించవచ్చును.

ఇక తూకము. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.888 కిలోలు తూగవలెను. లాటు మొత్తముమీద 5 శాతము హెచ్చుతగ్గులను ప్రమాణము మన్నించును. దీనిని సరిచూచుటకు త్రాసు చాలును, ప్రయోగశాలతో పనిలేదు. తేదీలను గూడ చూడవలెను. చువ్వ తయారైన నాటికి ముందే పరీక్ష ముగిసినట్లు వ్రాసిన కాగితము దానంతట అదే ఒప్పుకొనుచున్నది. పది వేర్వేరు హీట్లకు కర్బనము మూడవ దశాంశమువరకు ఒక్కటేయైనచో, కొలిమి అంత క్రమశిక్షణతో కరగదని గ్రహింపవలెను. ఒక హీటునకు ఎన్ని టన్నులు వచ్చునో ఒక పరిమితి కలదు. విశాఖలోని పెద్ద కన్వర్టరులోనైనను అది సుమారు 150 టన్నులు. చిన్న కొలిమి హీటు నంబరుతో వందలాది టన్నులు అమ్ముడైనచో, ఇనుము కరగిన తావు కొలిమి కాదు, జెరాక్సు మిషను.

యూరపునందు 10204 సంఖ్యగల ప్రమాణము ఈ సాక్ష్యములలోనే అంతరువులను ఏర్పరచినది. 3.1 తరగతి పత్రముపై, కర్మాగారములోనే యుండియు తయారీశాఖకు లోబడని అధికారి సంతకము చేయును, 3.2 తరగతి దానిపై కొనుగోలుదారు పక్షపు తనిఖీదారో మూడవ మనిషియో జతగా సంతకము చేయును. ఆ రెండవ సంతకము హాజీ హుసేనుదే యని నాకు తోచును.

మన దేశమున చువ్వపై ఐఎస్ఐ ముద్రయు, లైసెన్సు సంఖ్యయు తప్పనిసరి. ఆ సంఖ్యను నేడు ఫోనులోనే ప్రమాణముల సంస్థవారి యాపునందు సరిచూడవచ్చును. వినుకొండలో కొట్టు గుమాస్తా కూడ క్షణములో చూపగలడు. అయితే ఫోను తెలుపునది మిల్లునకు లైసెన్సు కలదన్న సంగతి వరకే. ఎదుటనున్న కట్ట ఆ మిల్లుదే యనుటకు కట్టకు తగిలించిన రేకుచీటీ కావలెను. ఆ కట్ట మంచిదే యనుటకు కట్టనుండి ముక్కలు కోసి ప్రయోగశాలకు పంపవలెను. ప్రభుత్వపు పనులలో ఇది నియమము. సొంత యిల్లు కట్టుకొనువారిలో చేయించువారు అరుదు. వారు సిమెంటు బస్తా తేదీని చూతురు, ఇటుకను ఇటుకతో తట్టి చూతురు, చువ్వను మాత్రము బ్రాండు పేరుచూచి నమ్ముదురు. కట్టను విప్పినప్పుడే రేకుచీటీ తెగి ఇసుకలో పడిపోవును. మరునాడు రాడ్ బెండరు బల్లపై మేకుల నడుమ చువ్వను వంచుచుండగా వంపు దగ్గర సన్నని బీట కనబడును. పాతకమ్మరి చేతివాటమే అతనిది. అతడు దానిని వెంటనే పోల్చి, ప్రక్కన పెట్టి, ఈ కట్ట చీటీ ఏదని అడుగును. అప్పటికి ఆ యిసుక సిమెంటుతో కలిసి పునాదిలో పడియుండును.